బాయి మొకం, ఇంటి మొకం

కొలువు సంగతి

డ్రాయింగు మాస్టరుగా ఎందుకు చేరావని నా కొలువు కాలమంతటిలో నన్ను ఎవరూ అడగలేదు. ఏం నేర్పుతున్నావనీ అడగలేదు. "ఇంకా గదే పని జేస్తున్నవారా?" అని మాత్రం మా ఊరికి పోయినప్పుడల్లా అడిగేవారు. మాది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లె. అక్కడ పట్వారీ అంటే తెలుసు, పటేలు అంటే తెలుసు, పంతులు అంటే తెలుసు. పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పితే సర్కారు జీతం ఇస్తుందంటే మా మేనమామ చచ్చినా నమ్మలేదు. "సర్కారుకు గింత పనిలేకుంట అయిందా?" అని నవ్వాడు.

ఇప్పుడు బడుల్లో డ్రాయింగు, పాట, నాటకం నేర్పడానికి కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మా పిరియడంటే ఎవరికీ లెక్కలేదు సార్ అని వాపోతుంటారు. మాకు మాత్రం ఎక్కడ ఏడ్చింది నాయనా లెక్క! ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే స్వాగతం బోర్డు నేను రాయాలి. ఆయన వెళ్ళిపోయాక దాన్ని చెరిపేది కూడా నేనే. బెంచీల మీద నంబర్లు, నీళ్ళ కుండ మీద బడి పేరు, ఎవరి పెళ్ళికైనా తోరణాల మీద అక్షరాలు, అన్నీ బొమ్మల సారు పనే. ఎవరైనా మాస్టరు సెలవు పెడితే ఆ క్లాసుకు నన్ను తోలేవారు. నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పటికీ ఉందని మా ఆవిడ అంటుంది.

అయినా ఆ కొలువు మీద నాకు ప్రాణం. ఎందుకో ఈ కొత్తవాళ్ళకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. బదిలీలు, ఆర్డర్లు, పెన్షన్ కాగితాలు వీళ్ళకెందుకు? వాటి జోలికి పోను.

నేను బెల్లంపల్లికి వచ్చేనాటికి నైజాం రాజ్యం పోయింది గానీ బడిలో ఉర్దూ వాసన ఇంకా పోలేదు. మేమంతా ఉర్దూలో చదువుకుని తెలుగులో పాఠాలు చెప్పవలసి వచ్చినవాళ్ళం. నాకే ఒత్తులు తడబడేవి. ఇక పిల్లలు చూస్తే బొగ్గుబాయి (గనిని మేం బాయి అంటాం) పనికి నాలుగు దిక్కుల నుంచీ వచ్చినవాళ్ళ బిడ్డలు. కరీంనగర్ పల్లెలవాళ్ళు, ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్ళు, ఉర్దూవాళ్ళు, ఉత్తరాది నుంచి వచ్చిన హిందీవాళ్ళు. తెలుగు పాఠంలో సగంమంది నోరు తెరిచేవారు కాదు. నా పిరియడులో మాత్రం అందరూ ఒకరి కాగితం మీదికి ఒకరు వంగి "గిది ఎద్దు గాదుర బయ్, బర్రె" అని కొట్లాడుకునేవారు. మాట రానివాడు కూడా కొమ్ములు దిద్ది జవాబు చెప్పేవాడు. అది చూసి నాకు కడుపు నిండేది.

కాగితానికి మాత్రం కటకట. సిమెంటు సంచులు విప్పి, దులిపి, వాటి లోపలి పొరలు వాడేవాళ్ళం. బొగ్గు ఊళ్ళో బొగ్గుకేం తక్కువ అనుకుంటారు. బాయి బొగ్గు గీతకు పనికిరాదు, కాగితాన్ని గీకుతుంది. పొయ్యిలోని కట్టె బొగ్గు కావాలి. పిల్లలు ఇళ్ళ నుంచి పిడికెళ్ళతో పట్టుకొచ్చి, మూతులకు కూడా పూసుకుని కూర్చునేవారు.

ఎలుగుబంటి

ఆ సిమెంటు కాగితాల మీదనే మేం ఒక గోడ పత్రిక మొదలుపెట్టాం. వారానికొక పెద్ద కాగితం. ఊళ్ళో ఏం జరిగిందో పిల్లలే తెలుసుకుని రావాలి, వాళ్ళే రాయాలి, బొమ్మ గీయాలి, వరండా గోడకు అంటించాలి. ఎవరి మేక ఈనింది, ఎవరి పిల్లవాడు చెట్టెక్కి దిగలేకపోయాడు, ఇవీ మా వార్తలు. చదువు రాని తల్లిదండ్రులు కూడా బడి గేటు దగ్గర ఆగి బొమ్మలు చూసి పోయేవారు.

మూడో నాలుగో పత్రికలో "లైన్లలోకి ఎలుగుబంటి వచ్చింది" అని పెద్ద అక్షరాలతో ఒక వార్త పడింది. కూలీల ఇళ్ళ వరుసలను మేం లైన్లు అంటాం. వాటి వెనక అప్పట్లో అడవే కాబట్టి నేనూ నమ్మాను. ఏడో తరగతి అన్వర్ బొమ్మ గీశాడు. వాడిది గట్టి చెయ్యి. గోళ్ళు, కోరలు, ఎర్ర మట్టితో దిద్దిన నోరు, అబ్బో! ఆ బొమ్మ అంత బాగా కుదరడమే మా కొంప ముంచింది. మర్నాడు సగం బడి ఖాళీ. ఆడవాళ్ళు కట్టెలకు పోలేదు. మగవాళ్ళు డ్యూటీకి కర్రలు పట్టుకుని గుంపులుగా పోయారు. అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నట్టు, ఒకాయన దాని అరుపు విన్నానన్నాడు, ఇంకొకాయన పిల్ల ఎలుగును కూడా చూశానన్నాడు.

ఆ సాయంత్రం బీరయ్య అనే గొర్ల కాపరి బడికి వచ్చాడు. భుజం మీద నల్ల గొంగడి. మొహం నిండా దిగులు.

"సారూ, గా ఎలుగు నేనే" అన్నాడు.

"ఏందయ్యా?"

"కంచె పొంటి గొంగడి కప్పుకొని ఒరిగిన సారూ. పోరగాండ్లు రాయిసిరిండ్రు. నేను లేసి ఉరికిన. ఇగ గప్పటిసంది నన్ను జూస్తె కుక్కలు, మనుషులు అందరు కట్టెలు వట్టుకొని ఎంబడవడుతుండ్రు. నేను మనిషినే అని జర గోడ మీద రాయుండ్రి, నీ కాల్మొక్త."

నేను నవ్వాపుకోలేకపోయాను. వెనక్కి తిరిగి చూస్తే హెడ్‌మాస్టరు ఖాదర్ సాబ్ నిలబడి ఉన్నారు. నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

చూసింది, విన్నది

ఖాదర్ సాబ్ గురించి చెప్పాలి. నేను చాలామంది హెడ్‌మాస్టర్ల కింద చేశాను. కొందరు బొమ్మలను మెచ్చుకునేవారు, గోడలకు వేలాడదీసేవారు, వచ్చినవాళ్ళకు చూపించేవారు. వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నది సున్నా. ఖాదర్ సాబ్‌కు డ్రాయింగంటే గిట్టదు. దస్తూరీ అంటే ప్రాణం, లెక్కలంటే ప్రాణం. "రాజలింగం సాబ్, పిల్లలు హిసాబుల ఫేలయితుండ్రు. మీ ఘంటా నాకియ్యిండ్రి" అని నెలకోసారైనా అడిగేవారు. నేను బిగుసుకుపోయేవాణ్ణి. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

మర్నాడు ఆయన ఆ పత్రికను చింపేస్తారనుకున్నాను. చింపలేదు. క్లాసుకు వచ్చి, వార్త రాసినవాణ్ణి లేపారు.

"ఎలుగును నువ్వు చూసినవా?"

"లే సార్. మారుతి జెప్పిండు."

మారుతిని లేపారు. వాడికి అక్క చెప్పింది. అక్కకు పక్కింటి పిల్ల చెప్పింది. ఆ పిల్ల నాలుగో తరగతిలో ఉంటే పిలిపించారు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టి, "నల్లగ ఏందో లేసింది సార్" అంది.

ఖాదర్ సాబ్ నల్లబల్ల మధ్యన ఒక నిలువు గీత గీశారు. "దేఖో బేటా, కలం వట్టేటోడు రెండు ఖానాలు వెట్టుకోవాలె. చూసింది ఒక ఖానా, విన్నది ఒక ఖానా. గా పిల్ల చూసింది ఏంది? నల్లగ ఏందో లేసింది. గంతే రాయాలె. రెండు ఖానాలు కలిసినయంటే ఎలుగుబంటి పుడ్తది" అన్నారు.

క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "పత్రిక ఆపొద్దు. గీత గీసి నడిపియ్యిండ్రి" అని వెళ్ళిపోయారు. బీరయ్య మనిషే అని ఆ వారం పెద్ద అక్షరాలతో రాశాం. గొంగడితో సహా బొమ్మ కూడా వేశాం.

ఆ గీత నా కొలువును మార్చేసింది. అప్పటిదాకా నేను చెయ్యి తిప్పడం నేర్పుతున్నాను. ఆ తర్వాత కన్ను తెరవడం నేర్పాను. చెవిని అనుమానించడం నేర్పాను. వార్తాపత్రిక ఎదురుగా పెట్టుకుని, ఇందులో రాసినవాడు చూసిందేది, విన్నదేది అని వెతికించేవాణ్ణి. రేడియోలో చెప్పింది మర్నాడు వచ్చి చెప్పమని, ఎవడెవడు ఎంత కలిపాడో పట్టుకునేవాళ్ళం. పదమూడేళ్ళ పిల్లకు ఆ సంగతి తెలిస్తే, పెద్దయ్యాక ఎవడూ దాని చెవిలో పువ్వు పెట్టలేడు. ఇది ఏ లెక్కల పిరియడుకూ తక్కువ చదువు కాదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఖాళీ కాగితం

అదే ఏడో తరగతిలో కనకలక్ష్మి అనే అమ్మాయి ఉండేది. ఒకసారి ఇంట్లో ఒకరి మొహం గీసుకురమ్మని చెప్పాను. చూడకుండా గీయకూడదు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవాలని షరతు. అందరూ నాయనమ్మనో, తాతనో, చెల్లెనో గీసి తెచ్చారు. కనకలక్ష్మి కాగితం మీద తలగుడ్డ ఒకటే ఉంది. దాని కింద మొహం లేదు.

నాకు చర్రున కోపం వచ్చింది. "ఇదేం బొమ్మ? దయ్యానికి తలగుడ్డ చుట్టినవా?" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుంది. క్లాసు అయిపోయాక నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"గది మా బాపుది సార్. మొకం యాదికొస్తలేదు."

వాళ్ళ నాన్న ఓదెలు బాయిలో బొగ్గు కొట్టేవాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి ఇంట్లోనే పోయాడు. అప్పటికి ఈ పిల్లకు ఆరేళ్ళు. తమ్ముడు మల్లేశు ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. ఇంట్లో ఫోటో లేదు. కూలీల ఇళ్ళలో అప్పుడు ఫోటో ఎక్కడిది? జాతరకు పోయినప్పుడు దిగుదామనుకునేవారు, జాతరలో పిల్లలకు బెల్లం, గాజులు కొనేసరికి పొద్దు గుంకేది.

"మల్లేశు రోజు అడుగుతడు సార్, బాపు ఎట్లుంటుండెనే అని. నేను ఏదో ఒకటి చెప్తున్న. మొన్న మీసాలున్నయని చెప్పిన. నిన్న లేవని చెప్పిన. వాడు పట్టుకున్నడు. మీసాలున్నయంటివి గదనే, అబద్ధమాడుతున్నవా అని ఏడ్సిండు" అంటూ తనూ ఏడ్చింది. "వాడు పండుకున్నంక నేను కండ్లు మూసుకొని చూస్తా సార్. తలగుడ్డే కనవడ్తది."

"మీ అవ్వను అడగరాదా బిడ్డా?" అన్నాను. అమ్మనే మేం అవ్వ అంటాం.

"బాపు మాట తీస్తె అవ్వ లేసి బయటికి పోతది సార్. మళ్ళ అన్నం తినది."

ఇంతకంటే పెద్ద కష్టం ఆ పిల్లకు లేదు. తమ్ముడికి ఒక్క నిజమైన మొహం ఇవ్వాలి. తన దగ్గర లేదు. దయ్యమన్న నా నోటిని కొట్టుకోవాలనిపించింది.

అన్వర్ తలుపు పక్కన నిలబడి అంతా విన్నాడు. వాడే ఉపాయం చెప్పాడు. "సార్, ఓదెలు మామను బాయిల మస్తుమంది చూసిండ్రు గద. పోయి అడుగుదం. చూసింది ఖానాల రాసుకుందం. నేను బొమ్మ దింపుత."

టీ హోటల్లో ముచ్చట

స్టాఫు రూములో ఈ సంగతి తెలిసి ఒక మాస్టరు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అన్నాడు. దురద ఉన్న కందలు నా క్లాసు నిండా ఉన్నాయి, ఆయనకేం తెలుసు?

ఆదివారం నేను, అన్వర్, కనకలక్ష్మి, మారుతి కలిసి బాయి దగ్గరి టీ హోటలుకు పోయాం. ఓదెలుతో కలిసి ఏళ్ళ తరబడి బొగ్గు కొట్టిన కొమురయ్య, ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. పిల్ల ఎవరో చెప్పగానే బెంచీ ఖాళీ చేసి కూర్చోబెట్టారు. ఒకాయన గబగబా మిర్చి బజ్జీలు తెప్పించాడు.

"మొకమెట్లుంటదా?" కొమురయ్య గడ్డం గోక్కున్నాడు. "బాయిల మొకం ఎవడు సూస్తడు బిడ్డా? నెత్తి మీది బత్తి సూస్తం. నడక సూస్తం. చీకట్ల మీ బాపు అరమైలు అవతల దగ్గినా గీడు ఓదెలే అని చెప్తుంటిమి."

"మరి కండ్లు?" అంది కనకలక్ష్మి.

"కండ్లు తెల్లగ మెరుస్తుండె. పండ్లు గూడ. నవ్వితె పండ్లే కనవడుతుండె."

"మీసాలుండెనా?"

కొమురయ్య పక్కవాళ్ళను చూశాడు. ఒకాయన ఉన్నాయన్నాడు. ఒకాయన లేవన్నాడు. చివరికి కొమురయ్యే, "బొగ్గుల ఉన్నయా లేవా ఏమెర్క బిడ్డా, మూతి కింద అంత నలుపే" అన్నాడు. పిల్ల మొహం చిన్నబోయింది. కానీ వాళ్ళు చెప్పినవన్నీ ఓపికగా విని రాసుకుంది. నుదుటి మీద తలగుడ్డ ముడి ఎటువైపు ఉండేదో, బుగ్గలు ఎంత లోపలికి పోయి ఉండేవో, గదుమ ఎంత వెడల్పో. విన్నది అన్న ఖానా ఖాళీగా ఉంచింది. చెప్పినవాళ్ళంతా కళ్ళారా చూసినవాళ్ళే మరి.

అన్వర్ వారం రోజులు కష్టపడ్డాడు. వాడి నాన్న కూడా బాయి మనిషే. బొగ్గు పొడిని తుమ్మ జిగురులో కలిపి మొహమంతా నింపాడు. ఆ నలుపులోంచి రెండు తెల్లటి కళ్ళు, పళ్ళ వరుస, నుదుటి దగ్గర బత్తి వెలుగు. నిజం చెప్తున్నాను, నా కొలువులో ఏ పిల్లవాడూ అంత గొప్ప బొమ్మ వేయలేదు. కొమురయ్యకు చూపిస్తే దగ్గరికి వంగి చూశాడు. "ఓదెలే. అగ్గో, పిలుస్తున్నట్టే ఉన్నడు" అని తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను అన్వర్ వీపు తట్టాను. కనకలక్ష్మి ఆ బొమ్మను చుట్టచుట్టి, గుండెకు ఆనించుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఇక్కడ కొత్త మాస్టర్లతో ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మీ పిరియడులో గొప్ప బొమ్మ వచ్చినప్పుడు, గొప్ప పాట కుదిరినప్పుడు మీకు ఒళ్ళు పొంగుతుంది. పొంగనీయండి, తప్పులేదు. కానీ పని అక్కడితో అయిపోయిందనుకోవద్దు. ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆ బొమ్మ ఎవరి కోసం వేశారో వాళ్ళ చేతికి చేరాలి. వాళ్ళు ఏమంటారో వినాలి. బహుమతులిచ్చే పెద్దమనుషులు చెప్పేదాని కంటే అది వెయ్యి రెట్లు ముఖ్యం. బొమ్మ బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. సరిగ్గా ఉందా అని అడగాలి. మేమందరం తెలివైనవాళ్ళమే గానీ, ఆ మాట అడగవలసిన ఒక్క మనిషిని అడగలేదు. మొగుడు పోయిన ఆడమనిషి ముందు ఆయన మాట ఎత్తకూడదని మా వైపు ఆనవాయితీ. అది దయ అనుకున్నాం.

పోశవ్వ వచ్చిన రోజు

మర్నాడు మధ్యాహ్నం ఏడో తరగతిలో ఉండగా ఒకామె వాకిట్లో నిలబడింది. చీర కొంగుకు బొగ్గు మసి. బొగ్గులో కలిసిన రాళ్ళు ఏరే పని నుంచి నేరుగా వచ్చింది. ఒక చేతిలో చుట్టిన కాగితం, ఇంకో చేతిలో మల్లేశు చెయ్యి. వెనక కనకలక్ష్మి, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎవలు సారూ గీ బొమ్మ దింపింది?" అంది పోశవ్వ, కనకలక్ష్మి తల్లి.

అన్వర్ లేచి నిలబడ్డాడు. పాపం, వాడి మొహం పాలిపోయింది. నేను ముందుకు పోయి, "తప్పు నాదేనమ్మా, నేనే..." అనబోయాను.

"పిలగాడు రాత్రంత జడుసుకున్నడు సారూ. గీడు దయ్యం, మా బాపు గాదని ఒక్కటే ఏడుపు." బొమ్మ విప్పి నా బల్ల మీద పరిచింది. దాన్ని చూస్తూ ఆమె గొంతు మారింది. "గిది బాయి మొకం సారూ. గీ మొకం దోస్తులు చూసిండ్రు. ఇంట్ల మేమెన్నడన్న చూసినమా? గాయన ఎన్నడు గీ మొకంతోని గడప తొక్కలే. బిడ్డ జడుసుకుంటదని వాకిట్లనే కడుక్కుంటుండె. సబ్బువెట్టి రుద్ది రుద్ది, పోయిందానే అని నన్ను అడుగుతుండె. పోయింది, ఇగ రా అంటెనే లోపలికి వస్తుండె."

బిడ్డ జడుసుకుంటుందని కడుక్కున్న మొహాన్ని మేం మళ్ళీ బొగ్గు పూసి బిడ్డ చేతికిచ్చాం. కొమురయ్య అబద్ధం చెప్పలేదు, అన్వర్ అబద్ధం వేయలేదు. అయినా ఆ ఇంటికి అది ఓదెలు కాదు.

"గట్లయితె ఇంటి మొకం ఎట్లుంటుండె అత్తా?" అన్నాడు అన్వర్. అంత ధైర్యం వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో!

పోశవ్వ మల్లేశు చెయ్యి మళ్ళీ పట్టుకుంది. వెనక్కి తిరిగి పోతుందనే అనుకున్నాను. కనకలక్ష్మి కూడా అదే అనుకుందేమో, తల్లి కొంగు పట్టుకుంది. అన్వర్ గబగబా కొత్త కాగితం పరిచి, కట్టె బొగ్గు ముక్క తీసి, ఒక కోల మొహం గీసి ఆగాడు. వంటగుడ్డలో చుట్టుకొచ్చిన తన రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, రబ్బరు లేక, బొగ్గు గీతలు తుడవడానికి పక్కన పెట్టుకున్నాడు.

"గంత కోలగ లేదు. గుండ్రంగుంటుండె" అంది పోశవ్వ.

వాడు తుడిచి గీశాడు.

"ముక్కు గంత పొడుగు లేదు. గీ పిల్లదాని ముక్కే."

కనకలక్ష్మి చటుక్కున ముక్కు తడుముకుంది. అన్వర్ దాని మొహం చూసి గీయసాగాడు. పోశవ్వ బల్ల దగ్గరికి జరిగింది. చెవులు పెద్దవని చెప్పింది. కనుబొమ్మలో చిన్నప్పుడు కోడె దూడ పొడిచిన మచ్చ ఉండేదంది. పెదవి దగ్గర నవ్వితే ఒకవైపే సొట్ట పడేదంది. భర్త పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఆ తరం ఆడవాళ్ళు ఎత్తరు. గాయన, పిల్లల బాపు అంటూనే అంతా చెప్పింది. మొదట మొహం గురించే చెప్పింది. తర్వాత ఆయన పాడే పాట గురించి చెప్పింది. చేపల కూర వండితే ముళ్ళన్నీ ఏరి కనకలక్ష్మికి పెట్టేవాడంది. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "నాకా అవ్వా? నాకు వెడుతుండెనా?" అని అడుగుతూనే ఉంది.

"మీసాలుండెనా అవ్వా?" అన్నాడు మల్లేశు. అప్పటిదాకా వాడు తల్లి చీరలో మొహం దాచుకునే ఉన్నాడు.

"ఉండె. జాతరకు పోతె తీసేస్తుండె. మళ్ళ పెంచుతుండె."

"అక్క రెండూ నిజమే జెప్పింది" అన్నాడు వాడు. కనకలక్ష్మి వాణ్ణి గట్టిగా పట్టుకుంది.

ఎప్పుడు వచ్చారో ఖాదర్ సాబ్ గుమ్మంలో ఉన్నారు. తర్వాతి పిరియడు ఆయనదే. ఒక నిమిషం చూసి, మిగతా పిల్లలకు సైగ చేసి వరండాలోకి తీసుకుపోయి, అక్కడే కింద కూర్చోబెట్టి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. అన్వర్‌ను రమ్మనలేదు. ఆ తర్వాత మేమిద్దరం కలిసి పనిచేసినన్నాళ్ళూ నా పిరియడు మళ్ళీ అడగలేదు.

పోశవ్వ చాలాసేపు చెప్పింది. పిల్లలు ఏడుస్తారని తాను ఇన్నేళ్ళు ఆయన మాట ఎత్తలేదట. అవ్వ ఏడుస్తుందని పిల్ల అడగలేదు. ఒకరి కోసం ఒకరు మూసుకున్న నోళ్ళు అవి. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. ఓదెలును నేనెన్నడూ చూడలేదు కాబట్టి పోలిక కుదిరిందో లేదో నాకు తెలియదు. కాగితం తుడిచి తుడిచి అక్కడక్కడ చిరిగింది కూడా. అన్వర్ సొట్ట దిద్ది చెయ్యి తీయగానే ఆమె "సాలు బిడ్డా" అంది.

మల్లేశు బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి బొమ్మను చూశాడు. జడుసుకోలేదు. చాలాసేపు చూసి, తల్లి వైపు తిరిగాడు.

"అవ్వా, బాపు నన్ను జూసిండానే?"

కనకలక్ష్మి తల దించుకుంది. పోశవ్వ కింద కూలబడి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

"కండ్లతోని చూడలే కొడకా. జరంల పండినన్ని దినాలు నా కడుపు మీద చెయ్యి వెట్టుకొని పండుకుంటుండె. నువ్వు లోపట ఊకె తన్నుతుంటివి. వీడు నన్ను తన్నుతుండే అని నవ్వుతుండె. గంత జరంల గూడ నవ్వుతుండె."

వాడు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఏ కాలుతోనే అవ్వా?"

"రెండిటితోని తన్నినవు రా" అని పోశవ్వ నవ్వింది.